కొత్త కీలుకు పాచి పడితే...

తుంటి మార్పిడి ఆపరేషన్ అయింది. రెండోరోజే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయించారు. రెండు వారాలకు కుట్లు విప్పారు. అంతా బాగానే ఉంది. ఒక్కటే... గాయం చివర, పెసరగింజంత చోట తడి ఆరడం లేదు. పొద్దున కట్టు మారిస్తే సాయంత్రానికి మళ్లీ రసి కారుతోంది. జ్వరం లేదు, పెద్దగా నొప్పీ లేదు. 'ఇంత దానికి మళ్లీ అంతదూరం ఆస్పత్రికేం పోతాం' అనుకుంటారు ఇంట్లోవాళ్లు. వీధి చివరి మందుల షాపులో అడిగి ఐదురోజులకు సరిపడా యాంటీబయాటిక్ బిళ్లలు తెస్తారు. తడి ఆరిపోతుంది. 'హమ్మయ్య' అనుకుంటారంతా.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆ బిళ్లలతో పైన కనిపించే తడి ఆరుతుందేగానీ లోపల లోహాన్ని అంటిపెట్టుకున్న క్రిములు చావవు. పైగా అవి ఏ క్రిములో కనిపెట్టే దారి కూడా మూసుకుపోతుంది. ఆరునెలలకో ఏడాదికో తుంటిలో సలుపు మొదలై డాక్టరు దగ్గరికి పరుగెత్తేసరికి కథ మారిపోతుంది. మొదటి వారాల్లో అయితే లోపల శుభ్రం చేసి కాపాడుకోగలిగే కీలును, ఇప్పుడు మొత్తంగా పీకేసి మళ్లీ కొత్తది పెట్టాల్సి వస్తుంది.

కృత్రిమ తుంటికి ఇన్ఫెక్షన్ రావడం అరుదే. మొదటిసారి మార్పిడి చేయించుకున్నవారిలో నూటికి ఒకరికో ఇద్దరికో వస్తుంది. అందుకని ఆపరేషన్ అంటేనే హడలిపోనక్కర్లేదు. మనదగ్గర ఈ ఆపరేషన్ ముసలివాళ్లకే జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. తొడ ఎముక తలకు రక్తం అందక అది కుళ్లిపోవడం వల్లనో, వెన్నూ కీళ్లూ బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ వల్లనో ముప్ఫై, నలభై ఏళ్లవాళ్లు కూడా చేయించుకుంటున్నారు. ఆ కీలుతో వాళ్లు ఇంకా ఎన్నో ఏళ్లు బతకాలి. కాబట్టి ఇన్ఫెక్షన్ వస్తే ఏం చేస్తారో, ఎందుకలా చేస్తారో కాస్త తెలుసుకుని ఉండటం మంచిది.

మిల్లుగాలి పాఠం

ఇంగ్లండులో విగన్ పట్టణానికి దగ్గర్లో రైటింగ్టన్ అనే ఆస్పత్రి ఉంది. ఒకప్పుడు క్షయ రోగులను ఉంచిన చోటు. అక్కడే జాన్ చార్న్‌లీ అనే ఎముకల సర్జన్ 1962 నవంబరులో, ఇవాళ్టి తుంటి మార్పిడికి మూలమైన ఆపరేషన్ చేశాడు. తొడ ఎముక వైపు స్టీలు బంతి, కటి ఎముక వైపు గట్టి ప్లాస్టిక్ గిన్నె. రెండింటినీ ఎముకకు పట్టి ఉంచడానికి పళ్ల వైద్యం నుంచి తెచ్చుకున్న అక్రిలిక్ సిమెంటు. అంతకుముందు టెఫ్లాన్ గిన్నెలు వాడి చేతులు కాల్చుకున్నాడు. అవి ఇట్టే అరిగిపోయేవి. అరిగిన ఆ పొడి ఒంట్లో ఏం చేస్తుందో చూడటానికి దాన్ని తన తొడలోకే ఎక్కించుకున్నాడు. అంత పట్టుదల గల మనిషి!

కీలు కుదిరింది కానీ ఇన్ఫెక్షన్ బెడద పోలేదు. తొలినాళ్లలో నూటికి ఏడుగురి దాకా చీము పట్టింది. ఆయన అనుమానం థియేటర్లోని గాలి మీదికి పోయింది. మనం కదిలినప్పుడల్లా చర్మం నుంచి కంటికి కనిపించని పొట్టు రాలుతుంది. దాంతోపాటు క్రిములూ గాల్లో తేలుతాయి. కోసి తెరిచి ఉంచిన తుంటిలో అవి పడుతున్నాయేమోనని ఆయన లెక్క. బట్టల మిల్లుల్లో దుమ్ము తీసే యంత్రాలు తయారుచేసిన అనుభవమున్న హోవర్త్ సంస్థతో కలిసి, థియేటర్లోనే ఒక చిన్న గది కట్టించాడు. వడపోసిన గాలి అందులో పైనుంచి కిందికి వీస్తుంది. సర్జన్లు వ్యోమగాముల్లాగా ఒళ్లంతా కప్పుకుంటారు. వాళ్లు వదిలిన ఊపిరిని కూడా గొట్టాలు బయటికి లాగేస్తాయి. 1970ల మొదటికల్లా ఆయన దగ్గర ఇన్ఫెక్షన్లు నూటికి ఒకటి చుట్టుపక్కలకు దిగాయి.

ఆ ఘనత అంతా గాలిదేనా అన్నది ఇప్పటికీ చర్చే. చర్మం కోసే ముందు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి వచ్చాక, దాని వాటా చాలా పెద్దదని తేలింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కీళ్ల మార్పిడిలో ఇన్ఫెక్షన్లు తగ్గించడానికంటూ ప్రత్యేకంగా లామినార్ ఫ్లో గాలి ఏర్పాటు వాడనక్కర్లేదని సూచించింది. కాబట్టి ఆస్పత్రి బ్రోచర్లో ఆ పేరు కనిపించిందని మురిసిపోవడం కన్నా, ఆ ఇంజెక్షన్ వేళకు పడుతుందా, ఆపరేషన్‌కు ముందు షుగరు అదుపులోకి తెస్తున్నారా అని అడగడం నయం.

వందల్లో చాలు!

1957లో బ్రిటన్‌లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు వలంటీర్ల చర్మంలోకి స్టెఫలోకాకస్ క్రిములను ఎక్కించి చూశారు. చీము పట్టాలంటే లక్షల కొద్దీ క్రిములు కావాల్సి వచ్చింది. అంతకు తక్కువైతే ఒంట్లోని రక్షణ కణాలే వాటి పని పట్టేశాయి. అదే చోట చిన్న పట్టుదారం కుట్టు ఉంటే... కొన్ని వందలే సరిపోయాయి! ఒక్క దారం ముక్కకే అంత తేడా వస్తే, అరచేతికి మించిన పొడవున్న లోహపు కాడ సంగతి చెప్పేదేముంది?

లోహానికి రక్తనాళాలుండవు. రక్తం వెళ్లని చోటికి తెల్లకణాలూ సరిగా చేరవు, మందూ సరిగా చేరదు. అక్కడికి వెళ్లి పడ్డ క్రిమి ముందు అతుక్కుంటుంది. తర్వాత తన చుట్టూ జిగురు అల్లుకుంటుంది. నీళ్ల తొట్టిని కొన్నాళ్లు కడక్కపోతే గోడకు జారుడుగా పాచి పడుతుంది చూడండి. పొద్దున్నే పళ్ల మీద ఉండేదీ ఆ జాతిదే. డాక్టర్లు బయోఫిల్మ్ అంటారు గానీ మన 'పాచి' దీనికి అతికినట్టు సరిపోతుంది.

పాచిలో ఉన్న క్రిమి మందకొడిగా ఉంటుంది. సరిగా పెరగదు. యాంటీబయాటిక్‌లలో చాలావరకు చురుగ్గా పెరిగే క్రిములనే దెబ్బతీస్తాయి. మందకొడిగా పడి ఉన్నవాటి జోలికి పోలేవు. ఒంటరిగా తేలుతున్న క్రిమిని చంపే మోతాదుకు వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు ఇచ్చినా పాచిలోది బతికిపోతుంది. నోట్లో మందు పుక్కిలిస్తే పళ్ల పాచి పోతుందా? తోమాలి. ఇక్కడా అంతే. కొత్తగా పడిన పాచి అయితే తోమొచ్చు. ముదిరిపోతే పాచి పట్టిన వస్తువునే తీసేయాలి. కృత్రిమ కీలు ఇన్ఫెక్షన్‌కు చేసే వైద్యమంతా ఈ రెండు మాటల చుట్టూ తిరుగుతుంది.

ముందు దొంగ ఎవరో తెలియాలి

తుంటి నొప్పి అన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదు. కీలు వదులైనా, నరం నొక్కుకున్నా నొప్పి వస్తుంది. మామూలుగా సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ అనే రక్త పరీక్షలతో మొదలుపెడతారు. ఆపరేషన్ అయ్యాక సీఆర్‌పీ ఎలాగూ ఎగబాకుతుంది. రెండు మూడు రోజుల్లో గరిష్ఠానికి చేరి, తర్వాత వారాల్లో దిగుతుంది. దిగుతూ దిగుతూ మళ్లీ ఎక్కితే అనుమానించాల్సిందే.

అసలు సాక్ష్యం కీలు లోపలి ద్రవం. ఎక్స్‌రేలోనో అల్ట్రాసౌండ్‌లోనో చూస్తూ సూదితో దాన్ని తీస్తారు. అందులో తెల్లకణాలు ఎన్నున్నాయో లెక్కిస్తారు, క్రిములు పెరుగుతాయేమో కల్చర్ పెడతారు. మామూలు కల్చర్‌లాగా రెండు మూడు రోజులకు రిపోర్టు ఇచ్చేస్తే కుదరదు. కొన్ని క్రిములు బద్ధకంగా పెరుగుతాయి కాబట్టి చాలాచోట్ల 14 రోజుల దాకా ఉంచి చూస్తారు. ఆపరేషన్ చేసేటప్పుడైతే వేర్వేరు చోట్ల నుంచి కనీసం ఐదు ముక్కలు తీసి పంపుతారు. ఒక్కదాంట్లో క్రిమి కనిపిస్తే అది పైనుంచి పడిన చెత్త కావచ్చు. రెండింటిలో అదే క్రిమి కనిపిస్తే దొంగ దొరికినట్టే.

మందుల షాపు బిళ్లలు పాడుచేసేది దీన్నే. యాంటీబయాటిక్ వాడుతూ పరీక్షకు వెళితే కల్చర్‌లో ఏమీ పెరగదు. రోగి నిలకడగా ఉంటే, నమూనా తీయడానికి కనీసం రెండు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్ ఆపమని డాక్టర్లు అడిగేది అందుకే. ఎవరో తెలియని శత్రువు మీద నెలల తరబడి మందులు గుప్పించడం ఖర్చుకు ఖర్చు, కిడ్నీలకూ కాలేయానికీ చేటు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గరో షాపులోనో బిళ్లలు మింగి వచ్చే అలవాటు మానాల్సింది అన్ని జబ్బులకూనూ. కానీ ఒంట్లో లోహపు కీలు ఉన్నవాళ్లు మాత్రం ఇవాళే మానాలి.

ఉంచాలా... పీకాలా?

ఆపరేషన్ అయిన మొదటి కొద్ది వారాల్లో ఇన్ఫెక్షన్ బయటపడిందనుకోండి. లేదా ఏళ్ల తరబడి హాయిగా నడిచిన తుంటి ఒక్కసారిగా నొప్పి, జ్వరంతో పట్టేసిందనుకోండి. రెండో రకంలో కాలి పుండు నుంచో, సెగగడ్డ నుంచో క్రిమి రక్తంలో కలిసి కీలుకు చేరుతుంది. లక్షణాలు మొదలై మూడు వారాలు దాటకుండా, కీలు ఎముకకు గట్టిగా పట్టి ఉంటే దాన్ని కాపాడే ప్రయత్నం చేస్తారు. గాయం తెరిచి చచ్చిన కండ, చీము తీసేసి, లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడిగి, ఊడదీయడానికి వీలున్న బంతినీ గిన్నె లోపలి ప్లాస్టిక్ పొరనూ మార్చేస్తారు. ఎముకలో దిగిన కాడ అలాగే ఉంటుంది. దీన్నే పొడి అక్షరాల్లో 'డెయిర్' అంటారు. అనుభవమున్నవాళ్లు వేళకు చేస్తే చాలామందికి కీలు దక్కుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతూంటుంది.

ఆ గడువు దాటితే? కీలు తీయక తప్పదు. ఇక్కడ రెండు బళ్లు ఉన్నాయి. ఒకటి జర్మనీ ఓడరేవు నగరం హాంబుర్గ్‌ది. అక్కడ హాన్స్ విల్‌హెల్మ్ బుఖోల్జ్ అనే సర్జన్‌కు 1960ల చివర్లో ఒక ఆలోచన వచ్చింది. మందు రక్తం ద్వారా కీలుకు సరిగా చేరడం లేదు సరే, ఎముకకు పూసే సిమెంటులోనే కలిపేస్తే? సిమెంటు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడికి చెడిపోని మందు కావాలి. రకరకాలు కలిపి చూస్తే జెంటామైసిన్ నిలిచింది. ఎముక పక్కనే కూర్చుని కొద్దికొద్దిగా మందు ఊరుస్తుంది. దాని ధైర్యంతో బుఖోల్జ్ బృందం పాత కీలు, సిమెంటు, కుళ్లిన కండ మొత్తం తీసేసి, అదే పూట కొత్త కీలు బిగించడం మొదలుపెట్టింది. 1981లో వాళ్లు ప్రచురించిన లెక్కల ప్రకారం నూటికి 77 మందికి ఒక్క ప్రయత్నంతోనే ఇన్ఫెక్షన్ పోయింది. ఆ రోజులకు అది మాటలు కాదు.

రెండో బడి, ముఖ్యంగా అమెరికా సర్జన్లది, అంత తొందర వద్దంటుంది. మొదట కీలు తీసేసి, మందు కలిపిన సిమెంటుతో చేసిన తాత్కాలిక దిమ్మ పెడతారు. దాని పేరు స్పేసర్. కాలు పొట్టి కాకుండా, కండలు బిగుసుకుపోకుండా అది చోటు కాపాడుతుంది. ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా ఆగి, ఇన్ఫెక్షన్ సద్దుమణిగిందనిపించాక రెండో ఆపరేషన్‌లో అసలు కీలు అమరుస్తారు. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఫలితం బాగుంటుందని దీనికి పేరు. ఎన్నో ఏళ్లుగా ఎక్కువమంది నమ్మినదారి ఇదే.

కానీ ఆ మధ్యకాలం సంగతి కూడా చెప్పుకోవాలి. కాలు మీద పూర్తి బరువు మోపకూడదు. స్పేసర్ ఒక్కోసారి జారుతుంది, విరుగుతుంది. స్నానానికీ దొడ్డికీ ఎవరో ఒకరు తోడుండాలి. ఇంట్లో కోడలో కొడుకో పని మానుకోవాలి. పెద్దవయసువాళ్లలో కొందరు రెండో ఆపరేషన్ తట్టుకునే శక్తి లేక స్పేసర్‌తోనే ఉండిపోతారు. ఈ బాధంతా అవసరమేనా అని తేల్చడానికి బ్రిటన్, స్వీడన్‌లలో 140 మంది తుంటి రోగులను రెండు వర్గాలు చేసి పోల్చారు. 2022లో ఫలితం వచ్చింది. ఏడాదిన్నర తర్వాత నొప్పిలో, నడకలో రెండు వర్గాలూ ఇంచుమించు సమానమే. మొదటి మూడు నెలల్లో మాత్రం ఒకే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే నయంగా ఉన్నారు. అలాగని అందరికీ ఒకే పూట పద్ధతి కుదరదు. క్రిమి ఏదో ముందే తెలిసి ఉండాలి, దానికి లొంగే మందు ఉండాలి, గాయం మూయడానికి మంచి కండ మిగిలి ఉండాలి. 'మీరు ఏ పద్ధతి చేస్తారు?' అన్నదానికన్నా 'మా నాన్నకు అదే ఎందుకు?' అన్నది డాక్టరును అడగాల్సిన ప్రశ్న.

ఏదీ కుదరనివాళ్లుంటారు. గుండె బలహీనం, పదేపదే ఆపరేషన్లు అయినవాళ్లు. వాళ్లకు కీలు ఉంచేసి ఏళ్ల తరబడి చిన్న మోతాదులో యాంటీబయాటిక్‌తో ఇన్ఫెక్షన్‌ను అణచి ఉంచుతారు. మరీ తప్పనప్పుడు కీలు తీసేసి ఖాళీగా వదిలేస్తారు. ఆక్స్‌ఫర్డ్ సర్జన్ గర్డిల్‌స్టోన్ పేరుతో పిలిచే పాతకాలపు పద్ధతి అది. కాలు కాస్త పొట్టిదవుతుంది, కర్ర కావాలి. కానీ చీము ఆగుతుంది, చాలామందికి నొప్పి తగ్గుతుంది.

మనకు తెలిసిన బిళ్లే

ఈ వైద్యంలో మన ఊళ్లలో అందరికీ పరిచయమున్న మందు ఒకటుంది. రిఫాంపిసిన్. అవును, టీబీ బిళ్ల. వేసుకుంటే మూత్రం నారింజరంగులో వస్తుందే, అదే. దాని పుట్టుక కథ కూడా తమాషాగా ఉంటుంది. మూలపదార్థం 1957లో ఇటలీలోని మిలన్ ల్యాబులో, ఫ్రాన్స్ నుంచి తెచ్చిన మట్టిలో దొరికింది. అప్పట్లో ఆడుతున్న 'రిఫిఫి' అనే దొంగల సినిమా పేరే దానికి ముద్దుపేరుగా పెట్టుకున్నారు ఆ శాస్త్రవేత్తలు. ఆ పేరే ఇలా మిగిలింది.

పాచిలో నిద్రపోతున్న స్టెఫలోకాకస్‌ను కూడా దెబ్బతీయగలగడం దీని ప్రత్యేకత. 1998లో స్విట్జర్లాండ్ వైద్యులు, లోహం తీయకుండానే శుభ్రం చేసిన రోగుల్లో కొందరికి సిప్రోఫ్లాక్సాసిన్‌తో పాటు దీన్నీ ఇచ్చి చూశారు. కోర్సు పూర్తిచేసిన 12 మందికి 12 మందీ బాగయ్యారు. ఇది ఇవ్వనివాళ్లలో 12కు ఏడుగురే. అంకెలు చిన్నవే. 2020లో నార్వేలో చేసిన మరో ప్రయోగంలో ఇంత తేడా కనిపించలేదు కూడా. అయినా చాలామంది డాక్టర్లు దీన్ని వదల్లేదు.

దీంతో జాగ్రత్తలు రెండు. ఒక్కదాన్నే వాడితే క్రిమి కొద్దిరోజుల్లోనే మొండికేస్తుంది. కాబట్టి ఎప్పుడూ మరో మందు జత ఉండాలి. రెండోది, టీబీ ఎక్కువగా ఉన్న మన దేశానికి సంబంధించింది. తుంటికి టీబీ కూడా వస్తుంది. కృత్రిమ కీలు చుట్టూ అరుదుగా కనిపించే ఇన్ఫెక్షన్ కూడా టీబీ కావచ్చు. ఆ పరీక్ష చేయకుండా రిఫాంపిసిన్ మొదలుపెడితే టీబీ సగం అణిగి దాక్కుంటుంది, ఆపైన మందుకు లొంగకుండా తయారవుతుంది. అందుకే ఆపరేషన్‌లో తీసిన ముక్కల్ని టీబీ పరీక్షకూ పంపారా అని అడగండి. రక్తం పలచబరిచే మందులు, షుగరు మాత్రలు, గర్భనిరోధక బిళ్లలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. రిఫాంపిసిన్ వాటి పనిని తగ్గించేస్తుంది.

సెలైన్ స్టాండు ఎన్నాళ్లు?

ఒకప్పుడు ఆరు వారాలూ నరంలోకి ఇంజెక్షన్లే. 2019లో బ్రిటన్‌లో 1,054 మంది ఎముక, కీళ్ల ఇన్ఫెక్షన్ రోగులతో చేసిన 'ఒవీవా' ప్రయోగం ఈ పట్టు సడలించింది. మొదటివారం దాటాక సరైన బిళ్లలకు మారినవాళ్లలో ఏడాదిలో వైద్యం విఫలమైంది 13.2 శాతం. ఇంజెక్షన్లు కొనసాగించినవాళ్లలో 14.6 శాతం. అంటే సరైన మందు ఎంచుకుంటే ఇంటికొచ్చి బిళ్లలు వేసుకున్నా ఫరవాలేదన్నమాట.

అయితే రోజులు తగ్గించుకోవడం మాత్రం కుదరలేదు. ఫ్రాన్స్‌లో ఆరు వారాల కోర్సును పన్నెండు వారాలతో పోల్చారు. 2021లో వచ్చిన ఫలితం చూస్తే ఆరు వారాలవాళ్లలో 18.1 శాతానికి ఇన్ఫెక్షన్ పోలేదు. పన్నెండు వారాలవాళ్లలో అది 9.4 శాతమే. నొప్పి తగ్గింది కదా అని రెండోనెలలో బిళ్లలు మానేసేవాళ్లు ఈ రెండంకెలూ గుర్తుపెట్టుకోవాలి.

ఇక అందరూ అడిగేది పళ్ల సంగతి. తుంటి మార్పిడి అయినవాళ్లు పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలా? మామూలుగా అక్కర్లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ల సంగతి డాక్టరు తేలుస్తారు. మిగతావాళ్లకు రోజూ పళ్లు తోముకోవడం, చిగుళ్లు చెడకుండా చూసుకోవడం చాలు. షుగరున్నవాళ్లు రాత్రి పడుకునే ముందు పాదాలు తిప్పి చూసుకోవాలి. కాలి పుండు, మూత్రంలో మంట, సెగగడ్డ దేన్నీ నాన్చకూడదు. చూపించుకునేటప్పుడు 'నాకు తుంటి మార్చారు' అన్న మాట మొదటే చెప్పాలి. గాయం నుంచి రసి వారం దాటినా ఆగకపోతే షాపుకు కాదు, ఆపరేషన్ చేసిన డాక్టరుకే ఫోన్ చేయాలి. ఆ దగ్గర్లో లేకపోతే, బిళ్ల వేసే ముందు కీలు ద్రవం పరీక్ష చేయగల ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వైద్యం ముగిసినా రాకపోకలు ఆగవు. నెల నెలా, తర్వాత మూడునెలలకోసారి సీఆర్‌పీ చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. మందులన్నీ ఆపేశాక కూడా నొప్పీ రసీ లేకుండా రెండేళ్లు గడిచాకే చాలామంది సర్జన్లు 'ఇన్ఫెక్షన్ పోయింది' అని కాగితం మీద రాస్తారు.